ఆయిల్ పోస్తే రిపేరు అయినట్టు కాదు అల్లుడా

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూసినా. బండి కింద బండల మీద ఎర్ర మరక, దాని పక్కన నీ చెప్పు కూడా పడింది, బాగుంది. "మామా, స్టీరింగ్ ఆయిల్ తగ్గిపోతా ఉండాది, ఒక డబ్బా కొనుక్కొచ్చి పోసినా, మళ్ళా తగ్గింది, ఇంకో డబ్బా తెచ్చుకోనా" అని అడిగినావు. తెచ్చుకోవాకు. ఫోన్లో చెప్దామంటే నువ్వు సగం వింటావు, మిగతా సగం మా అక్క లాక్కోని ఆమె వింటాది, కడాకు ఇద్దరికీ అర్థం కాదు, అందుకే కూర్చోని రాస్తా ఉండా. రొంత పొడుగైతాది, నిమ్మళంగా చదువుకో.

మొదట ఒక సంగతి మనసులో పెట్టుకో. ఇంజిన్ ఆయిల్ అంటే పాత బండిలో రొంత కాలి పోతాది, డీజిల్ ఎట్లా అయినా ఖర్చే, పవర్ స్టీరింగ్ ఆయిల్ అట్లా కాదు. అది బానెట్ కింద ఉండే చిన్న డబ్బాలో నుంచి పంపుకి, పంపు నుంచి ముందు చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాక్‌కి, ర్యాక్ నుంచి మళ్ళా డబ్బాకి తిరుగుతానే ఉంటాది, కాలేది లేదు ఆవిరయ్యేది లేదు. లెవెల్ తగ్గిందంటే యాడో బయటికి పోతా ఉండాది, అంతే. ఆ యాడో అనేది కనుక్కోకుండా పైన పోస్తా కూర్చుంటే షాపోడికి లాభం, నీకు పెట్రోలు బంకు మాదిరి అదొక అలవాటు అయిపోతాది. నేను షెడ్డు నడిపేటప్పుడు ఇట్లాంటోళ్ళు శానామంది వచ్చేవాళ్ళు, డిక్కీలో రెండు డబ్బాలు పెట్టుకోని తిరిగేవాళ్ళు, పైపు మార్చండయ్యా అంటే "వచ్చే నెల చూస్తాం" అనేవాళ్ళు, ఆ వచ్చే నెలలో పైపుతో పాటు పంపు కూడా మార్పించుకోని పోయేవాళ్ళు.

ఇంకోటి, ఆ మరక నిజంగా స్టీరింగ్ ఆయిలేనా అని చూసుకున్నావా? నీది 2012 ఇన్నోవా, టొయోటా కూలెంట్ కూడా ఎర్రగా గులాబీ రంగులో ఉంటాది, ఫోటోలో రెండూ ఒకటే. ఒక గ్లాసులో నీళ్ళు తీసుకోని ఆ కారేదాన్ని రెండు చుక్కలు పట్టి వెయ్యి. కూలెంట్ అయితే నీళ్ళలో కలిసిపోతాది, ఆయిల్ అయితే పైన తేల్తాది. వేలికి రాసుకోని చూసినా తెలుస్తాది, ఆయిల్ జిడ్డు పోదు. ఏసీ నీళ్ళకి రంగు ఉండదు, వాటిని చూసి భయపడాల్సిన పని లేదు. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటాది, అయితే స్టీరింగ్ ఆయిల్ కూడా శానా ఏళ్ళు మార్చకపోతే గోధుమ రంగుకి తిరిగి కాలిన వాసన కొడతాది, కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్మాకు, డబ్బాలో ఉండే ఆయిల్, కింద పడిన ఆయిల్ రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

నీ చెల్లెలి స్విఫ్ట్‌లో ఈ రచ్చే లేదు, దాంట్లో స్టీరింగ్‌కి సాయం చేసేది కరెంటు మోటారు, ఆయిల్ లేదు పైపు లేదు. మొన్న ఆ పిల్ల కూడా "మామా నా బండికి స్టీరింగ్ ఆయిల్ చెక్ చేయిస్తా" అనింది, చేయించాల్సిన అవసరం లేదమ్మా అన్నా. ఇన్నోవా, బొలెరో, పాత సుమో, క్వాలిస్ ఇట్లాంటివి ఆయిల్ బండ్లు. బానెట్ ఎత్తి చూస్తే స్టీరింగ్ బొమ్మ ఉండే మూతతో చిన్న డబ్బా కనపడిందంటే ఆయిల్ బండి అని లెక్క.

ఇంగ పైపుల సంగతి. మూడు ఉంటాయి, మూడూ ఒకటి కాదు, ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. డబ్బాలో నుంచి పంపుకి దిగేది లావుగా ఉంటాది, అది ఊరికే ఆయిల్ పీల్చుకునేది, దాంట్లో ప్రెషర్ లేదు. పంపు నుంచి ర్యాక్‌కి పోయేది ప్రెషర్ పైపు, రెండు పక్కలా ఇనప గొట్టం, మధ్యలో గట్టి రబ్బరు, రబ్బరూ ఇనుమూ కలిసే తావ ఫ్యాక్టరీలోనే నొక్కేసి ఉంటారు. ర్యాక్ నుంచి డబ్బాకి తిరిగొచ్చేది రిటర్న్ పైపు, దాంట్లో ప్రెషర్ తక్కువే, మామూలు క్లిప్పులతో పట్టి ఉంటాది. ప్రెషర్ పైపులో ఎంత ఉంటాదంటావా, స్టీరింగ్ తిన్నగా ఉంటే రొంతే, ఫుల్‌గా ఒక పక్కకి తిప్పి అట్లే పట్టుకుంటే వెయ్యి పీఎస్ఐ దాటిపోతాది. నీ టైర్లో నువ్వు పట్టించేది 33, 35. లెక్క చూసుకో. అందుకే ఆ పైపుకి ఊరికే క్లిప్పు బిగించి "అయిపోయింది సార్" అనేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతాది.

పైపులు ఎందుకు పోతాయి అంటే మన ఎండే సగం కారణం. మే నెలలో తిరుపతిలో బయటే 42, 43 డిగ్రీలు, బానెట్ లోపల ఇంగెంత ఉంటాదో నువ్వే ఊహించుకో, దాంట్లో రబ్బరు ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి గట్టిపడి పోతాది, వేలితో నొక్కితే నొక్కుకోదు, వంచితే సన్న పగుళ్ళు కనపడతాయి. క్లిప్పు స్ప్రింగు సడలిపోతాది. యాడో బ్రాకెట్ ఊడిపోయి పైపు పోయి ఇంజిన్‌కి రుద్దుకుంటా ఉంటాది, అక్కడ అరుగుతాది. వాషరు, ఓరింగు అనే రబ్బరు ఉంగరం గట్టిపడి చెమ్మ పడతాది. మీ ఇంటి కాడ మామిడి చెట్టు కింద పెడతావు చూడు, ఆడ ఎలకలు, అవి రబ్బరు కొరకడం కొత్తేమీ కాదు. ఇంకోటి ఎవురూ చూడనిది ఏందంటే, శానాసార్లు పైపు బయటికి నిక్షేపంగా ఉండి లోపల రబ్బరు పొరలు ఊడి వస్తా ఉంటాయి, ఆ తునకలు పోయి డబ్బా అడుగున ఉండే జల్లెడలో ఇరుక్కుంటాయి, పంపుకి ఆయిల్ సరిగా అందదు, పంపు అరుస్తాది, మనం పంపు పోయిందనుకోని పంపు మార్పిస్తాం, కొత్త పంపు కూడా అరుస్తాది. కాబట్టి ఎప్పుడు పైపు మార్చినా డబ్బా విప్పి లోపల కడుగు, జల్లెడ మూసుకుపోయి కడిగినా పోకపోతే డబ్బానే మార్చెయ్.

లీకు యాడుండాదో కనుక్కునేది ఎట్లంటే, ముందు బాగా తుడువు. ఇది ఎవురూ చెయ్యరు, జిడ్డు మీద జిడ్డు చూసి "ర్యాక్ పోయింది" అనేస్తారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా, పంపు, పైపులు, కింద ర్యాక్ అంతా పాత గుడ్డతో తుడిచి, కింద తెల్ల అట్ట ముక్క పరుచు. డబ్బాలో లెవెల్ సరిగా పెట్టు. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి నిమ్మళంగా ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పమను, చివరాకర పట్టుకోని నిలబడొద్దని చెప్పు. నువ్వు టార్చి వేసి పక్క నుంచి, పై నుంచి చూడు. ఆయిల్ కిందికి జారతాది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి కూడా కొట్టుకుపోతాది, కాబట్టి కారే చోటు కాదు లీకు, తడి మొదలయ్యే పై చోటు లీకు. అన్నిటికన్నా పైన యాడ తడిగా ఉండాదో ఆడ చూడు.

ఇంజిన్ తిరిగేటప్పుడు ప్రెషర్ పైపు మీద చెయ్యి పెట్టి తడిమి చూడాకు. ఇది మాత్రం గట్టిగా చెప్తా ఉండా. సూది మొన అంత కన్నం నుంచి వచ్చే ఆయిల్ కంటికి కనపడదు, చర్మంలోకి దిగిపోతాది, పైకి చూస్తే చిన్న చుక్క, లోపల కండ చెడిపోతాది. అట్లాంటిది జరిగితే పసుపు పెట్టి కూర్చునేది కాదు, ఆ గంటలోనే రుయాకో ఇంకో పెద్దాసుపత్రికో పోయి "ప్రెషర్ మీద ఆయిల్ లోపలికి పోయింది" అని చెప్పాల. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడు, తడి పడితే ఆడ ఉండాది అని తెలుస్తాది. ఇంకోటి, బెల్టు తిరగతా ఉంటాది, లూజు చొక్కా, మెడలో కండువా, ఇవన్నీ తీసి పక్కన పెట్టి వంగు.

లీకు పైపులో లేకపోవచ్చు కూడా. ర్యాక్ రెండు చివరలా మడతల రబ్బరు బూట్లు ఉంటాయి, వాటిని పిండి చూడు, లోపల ఆయిల్ నిండి ఉంటే అది ర్యాక్ సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు, పోయినట్టు, పైపు ఎన్ని మార్చినా ఆగదు. పంపు కప్పీ వెనక తడి ఉంటే పంపు సీలు. ఈ రెండూ ఇంట్లో చేసే పనులు కాదు, తెలిసిన షెడ్డుకి పో.

కొన్నిసార్లు కింద చుక్క కూడా పడదు, అయినా పంపు ఊళ పెడతాది, డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ నురగ నురగగా, పాలు కలిసినట్టు ఉంటాది. అప్పుడు అనుమానం ఆ లావు పైపు మీద పెట్టుకో, పీల్చే పక్క కదా, క్లిప్పు సడలితే ఆయిల్ బయటికి రాకుండానే గాలిని లోపలికి లాక్కుంటాది. శబ్దం కూడా గుర్తు పట్టు, తిప్పేటప్పుడు "ఊంం" అని మూలిగితే గాలి గాని ఆయిల్ తక్కువ గాని, ఫుల్‌గా తిప్పినప్పుడు "కీచ్" మంటే అది బెల్టు. ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు జారతాది, అప్పుడు రెండు శబ్దాలూ వస్తాయి, లీకు మాన్పకుండా బెల్టు మారిస్తే కొత్త బెల్టు కూడా తడిసి పోతాది.

నువ్వు ఫోటోలో చూపించిన చోటు, వాటం చూస్తే, నాకు రిటర్న్ పైపు అనిపిస్తాది. పైన చెప్పినట్టు తుడిచి ఖాయం చేసుకో. అదే అయితే నువ్వే చేసుకోవచ్చు, ఆదివారం పొద్దున పెట్టుకో, ఎండెక్కకముందు.

ముందు సామాను. పైపు ముక్క కొనేటప్పుడు "పవర్ స్టీరింగ్ రిటర్న్ హోస్" అని అడుగు, లేదా ఏటీఎఫ్‌కి, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్‌కి, పనికొచ్చేది అని అడుగు. షాపోడు రేడియేటర్ హీటర్ పైపు చూపించి "ఇదే సైజు సార్, ఇదే వేసుకుంటారు అందరూ" అంటాడు. హీటర్ పైపు నీళ్ళకి, ఆయిల్‌కి కాదు, ఉబ్బి మెత్తబడి కొన్నాళ్ళకే జారిపోతాది. పెట్రోలు, డీజిల్ పైపులు కూడా దీనికి వద్దు, ఈ వేడికి అవి చేసినవి కాదు. పాత పైపు విప్పినాక ఆ ముక్క చేతిలో పట్టుకోని పోయి లోపలి సైజు సరిపోల్చుకోని తెచ్చుకో, నోటి మాట మీద కొనాకు. వంపు పోసి వచ్చే పైపు అయితే, అంటే అచ్చులో పోసి వంచింది అయితే, నిట్ట పైపు తెచ్చి బలవంతంగా వంచాకు, మలుపులో నలిగి మూసుకుపోతాది, కంపెనీ పైపే తెప్పించుకో. క్లిప్పులు కొత్తవి. ఆయిల్ సంగతి, నీ ఇన్నోవాకి డెక్స్రాన్ టూ గాని త్రీ గాని అనే ఏటీఎఫ్, అయినా నా మాట కాకుండా మూత మీద, బండి బుక్కులో ఏముందో అది చూసుకోని కొను. వేరే బండ్లకి వేరేవి ఉంటాయి, హోండాకి దాని సొంత ఆయిల్, కొన్ని హ్యుందాయ్‌లకి పీఎస్ఎఫ్ త్రీ, కొన్ని జర్మన్ బండ్లకి పచ్చ రంగుది, ఒకదాంట్లో ఇంకోటి కలిపితే సీళ్ళు పోతాయి. బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయాకు, రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి గాబట్టి చెప్తా ఉండా.

లీకు ఆపే మందు అని డబ్బాల్లో అమ్ముతారు, నన్నడిగితే ఆ దుడ్లు హుండీలో వేసుకో. అది సీళ్ళని రొంత ఉబ్బిస్తాది, పగిలిన పైపుని ఏమీ చెయ్యలేదు.

ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టు, ఉత్త జాకీ మీద పెట్టి కిందికి దూరాకు, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. బోల్టు ముట్టుకోకముందు పైపులు యాడ యాడ పోతా ఉండాయో, ఏ బ్రాకెట్‌లో నుంచి దూరి ఉండాయో ఫోన్‌లో నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసుకో. డబ్బా మూత విప్పేముందు చుట్టూ దుమ్ము తుడువు, మన ఊరి దుమ్ము ఒక చిటికెడు లోపల పడితే పంపుకి అదే ఇసుక కాగితం. పెద్ద సిరంజితో డబ్బాలో ఆయిల్ పీల్చేసి, కింద బేసిన్ పెట్టుకోని రిటర్న్ పైపు క్లిప్పు సడలించు. పైపు డబ్బా మూతికి కరుచుకోని ఉంటే కటింగ్ ప్లేయర్‌తో పట్టి గుంజాకు, ఆ మూతి ప్లాస్టిక్, పుటుక్కుమంటే కొత్త డబ్బా కొనాల. బ్లేడుతో రబ్బరు పొడుగునా నిమ్మళంగా చీల్చి ఒలిచెయ్, మూతి మీద గీత పడకుండా. ఇనప గొట్టం పక్క కూడా అట్లే.

పాత ఆయిల్ అంతా తీసెయ్యాలనుకుంటే ఇదే అదును. డబ్బా మూతికి ఒక రబ్బరు బిరడా పెట్టి, ర్యాక్ నుంచి వచ్చే గొట్టానికి ఒక ముక్క పైపు తగిలించి దాన్ని పాత సీసాలో పెట్టు, ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు, మిగిలిందంతా సీసాలోకి వచ్చేస్తాది. తాళం లాక్ తీసి ఉండాల, లేకపోతే స్టీరింగ్ తిరగదు.

కొత్త పైపు పాతదానంత పొడుగే కొయ్యి, కొత్త బ్లేడుతో నిట్టనిలువుగా ఒకే కోత, రంపం పెట్టి కోసి తునకలు లోపల పడేసుకోవాకు. క్లిప్పు ముందే పైపుకి ఎక్కించుకో, అందరూ మర్చిపోయేది ఇదే. పైపు లోపల రొంత ఏటీఎఫ్ రాస్తే సులువుగా ఎక్కుతాది, సోపు నీళ్ళు వద్దు. గొట్టం మీద ఒక చిన్న ఉబ్బు ఉంటాది చూడు, పైపు ఆ ఉబ్బు దాటి లోపలికి పోవాల, క్లిప్పు ఆ ఉబ్బుకి అవతల కూర్చోవాల, ఉబ్బు మీదే బిగిస్తే కొన్నాళ్ళకి జారతాది. బిగించేది కూడా మరీ భీముడి బిగింపు వద్దు, రబ్బరు కోసుకుపోతాది. ఫోటోలో చూసి బ్రాకెట్లలో మళ్ళా సరిగ్గా పెట్టు, సైలెన్సర్ పక్కకి పోకుండా, బెల్టుకి తగలకుండా.

ప్రెషర్ పైపు పోయిందని తేలితే మాత్రం నువ్వు చెయ్యాకు, షెడ్డులో చేయించు, అయితే పక్కన నిలబడి చూడు. ఆ నట్లు తిప్పేదానికి ఫ్లేర్ నట్ స్పానర్ అని వేరే ఉంటాది, నట్టు చుట్టూ ఎక్కువ పట్టుకుంటాది, మామూలు రెండు నోళ్ళ స్పానర్ పెడితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, ఇంగ దాంతో పెద్ద గోల. ఆ స్పానర్ వాడి చేతిలో ఉండాదా లేదా అని చూస్తే చాలు, వాడికి పని వచ్చా రాదా తెలుస్తాది. వాషర్లు, ఓరింగులు పాతవి మళ్ళా వెయ్యనియ్యాకు, అవి చవక. నట్టు మొదట చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కాల, ఎక్కకపోతే మరలు తప్పు పడినట్టు, స్పానర్‌తో బలవంతం చేస్తే ర్యాక్‌లో మర పోతాది.

ఆ పైపు జేసీబీలకి, లారీలకి హైడ్రాలిక్ పైపులు నొక్కిచ్చే అంగడికి తీసుకోని పోయి చేయించుకుంటే చవక గదా అని నీకు ఎవురైనా చెప్తారు. నేను ఆ పని మొత్తం కొట్టెయ్యను, ఆ అంగళ్ళలో మంచి పనోళ్ళు ఉండారు, పైపు దొరకని పాత బండ్లకి వేరే దావ లేదు. అయితే ఒక తేడా చెప్తా విను. కారు ప్రెషర్ పైపులో ఉండే అల్లిక దారంతో ఉంటాది, అది ప్రెషర్‌కి రొంత సాగి పంపు కొట్టే దెబ్బల్ని మింగేస్తాది. కొన్నిట్లో ఆ శబ్దం చంపేదానికి లోపల ఇంకో సన్న గొట్టం కూడా పెడతారు. జేసీబీ పైపు స్టీలు తీగతో అల్లింది, పగలదు నిజమే, సాగదు కూడా, దాంతో పంపు మోతంతా స్టీరింగ్‌లోకి వచ్చి చేతులు జుమ్మంటా ఉంటాయి. గట్టిగా కూడా ఉంటాది, ఇరుకులో వంగదు, యాడో రుద్దుకుంటాది. నీ ఇన్నోవాకి కంపెనీ పైపు దొరుకుతాది, రిటర్న్ పైపు వందల్లో అయిపోతే ఇది వేలల్లో పడతాది, ఏడవకుండా వేయించు. తిరుపతిలో లేకపోతే చెన్నై జీపీ రోడ్డులో అడిగించు, బస్సులో వేసి పంపిస్తారు. పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది అని సంబరపడాకు, డోరు, బంపరు, అద్దం అయితే పుదుపేటలో తెచ్చుకో, రబ్బరు సామాను మాత్రం వాడేసింది తెచ్చుకోవద్దు, అది కూడా నీ పైపు ఎన్నేళ్ళు ఉడికిందో అన్నేళ్ళు యాడో ఉడికి వచ్చిందే.

ఏ పైపు మార్చినా తర్వాత గాలి తియ్యాల, ఈడే మెకానిక్కులు కూడా తొందర పడతారు. డబ్బాలో ఆయిల్ నింపు, ముందు చక్రాలు పైనే ఉండాయి గదా, ఇంజిన్ ఆఫ్‌లోనే స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి నిమ్మళంగా తిప్పు, పది ఇరవై సార్లు, తిప్పే కొద్దీ డబ్బాలో బుడగలు వస్తాయి, లెవెల్ తగ్గుతాది, అమ్మాయిని డబ్బా దగ్గర నిలబెట్టి పోస్తా ఉండమను, అడుగంటనియ్యొద్దు, అడుగంటితే మళ్ళా మొదటికొస్తాది. బుడగలు ఆగినాక ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే తిప్పు, రేజ్ చెయ్యాకు. పాల రంగు నురగ వచ్చిందంటే ఆపేసి ఒక అరగంట వదిలెయ్, కాఫీ తాగి రా, గాలి పైకి వచ్చేస్తాది, మళ్ళా మొదలుపెట్టు. ఇంజిన్ ఆఫ్‌లో తిప్పకుండా నేరుగా స్టార్ట్ చేసినావనుకో, పంపు ఆ గాలిని చిలికి మజ్జిగ చేసి పెడతాది, ఆ నురగ తేరేదానికి పూట పడతాది. చివరాకర పట్టుకోని ఐదు సెకన్ల కన్నా ఎక్కువ నిలబడాకు, ఇది రోజూ బండి నడిపేటప్పుడు కూడా గుర్తు పెట్టుకో. డబ్బా మీద చల్లగా ఉన్నప్పుడు ఒక గీత, వేడిగా ఉన్నప్పుడు ఒక గీత ఉంటాయి, చల్లటి బండిలో వేడి గీత దాకా పోస్తే తర్వాత పొంగి మూతలో నుంచి కారి, మళ్ళా లీకు అని నాకు ఫోటో పెడతావు.

చివరాకర పట్టుకునేది అన్నా గదా, గాంధీ రోడ్డులో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో నువ్వు బండి పెట్టేది చూసినా. బండి కదలకుండా నిలబెట్టి స్టీరింగ్ మొత్తం గిరగిరా తిప్పేస్తావు, టైర్లు రోడ్డుకి రుద్దుకుంటా ఉంటాయి, ఒకటిన్నర టన్ను దాటిన బండి అది. ఒక అడుగు కదిలిస్తా తిప్పితే పైపు మీద, పంపు మీద, ర్యాక్ మీద అన్నిటి మీదా భారం తగ్గుతాది. రివర్స్‌లో ఫుల్‌గా తిప్పినాక ఒక వేలెడు వెనక్కి వదులు, ఆ మూలుగు ఆగిపోతాది చూడు.

ఇంగ కొండ సంగతి. వచ్చే వారం మా అక్కను, బావను తీసుకోని తిరుమలకి పోవాలనుకుంటా ఉండావంట, అక్క చెప్పింది. ఈ లీకు మాన్పకుండా ఆ బండిలో పోవాకు, బస్సులో పోండి. ఎక్కే దావ 1974లో వచ్చిన రెండో ఘాట్, అది రొంత నయం, దిగేది 1944లో వేసిన పాత ఘాట్, ఇరుకు మలుపులు, ఒకదాని వెనక ఒకటి చెయ్యి ఖాళీ లేకుండా తిప్పతానే ఉండాల. ఎక్కి ఎక్కి బానెట్ కింద అంతా కాగి ఉంటాది, పైపు పగిలేది అట్లాంటప్పుడే. పగిలితే ఆయిల్ పోయి సైలెన్సర్ మేనిఫోల్డ్ మీద, అంటే ఇంజిన్ పొగ బయటికి వచ్చే కాగిన గొట్టం మీద, పడితే పొగ వస్తాది, ముదిరితే మంట కూడా అంటుకుంటాది. దోవలో కాలిన ఆయిల్ వాసన వచ్చిందంటే పక్కకి తీసి ఇంజిన్ ఆపు, అందరినీ దించు, వెంటనే బానెట్ బార్లా తెరవాకు.

స్టీరింగ్ సాయం పోయినా స్టీరింగ్ పోదు, అది గుర్తు పెట్టుకో. చక్రానికి, చేతికి మధ్య ఇనప కడ్డీ ఉండాది, శానా బరువుగా తిరుగుతాది గాని తిరుగుతాది. రెండు చేతులతో గట్టిగా పట్టుకోని స్పీడు తగ్గించి పక్కకి తియ్యి. తీసినాక అట్లే ఇంటి దాకా నడిపేద్దాం అనుకోవాకు, ఆయిల్ లేకుండా పంపు తిరిగితే లోపల అరిగి ఆ ఇనప పొడి పోయి ర్యాక్‌లో కూర్చుంటాది, వందల పని పోయి పెద్ద మొత్తం అయితాది. ఇంకొకటి, డీజిల్ మిగులుతాదని దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి దొర్లించే మహానుభావులు ఉండారు మన వాళ్ళలో, నీ స్నేహితుల్లో కూడా ఒకడు ఉండాడు, వాడికి చెప్పు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతాది, రెండు మూడు సార్లు తొక్కినాక బ్రేకు కూడా రాయి అయిపోతాది. రెండో గేర్లో ఇంజిన్ ఆన్‌లో దిగాల. పాలమనేరు పక్క మొగిలి ఘాట్‌కైనా, భాకరాపేట ఘాట్‌కైనా ఇదే.

ఎన్నాళ్ళకొకసారి మార్చాల అని అడుగుతావు. పైపులకి ఇన్ని కిలోమీటర్లు అని లెక్క కట్టుకోని కూర్చోవాకు, ప్రతి సర్వీసుకీ వేలితో నొక్కి, టార్చి వేసి చూడమను, అదే లెక్క. నా లెక్క అడిగితే, మన ఎండలకి పదేళ్ళు దాటిన బండిలో పీల్చే పైపు, రిటర్న్ పైపు రెండూ కారినా కారకపోయినా మార్చేస్తా, వాటి ఖరీదు ఒక హోటల్ భోజనం బిల్లు అంత ఉంటాది నలుగురికి. ఆయిల్ కూడా ఏభై వేల కిలోమీటర్లకి ఒకసారి మారిస్తే సీళ్ళు ఎక్కువ కాలం వస్తాయి. బండి అమ్మినోడు అంతకు ముందు మార్చినాడా లేదా అని వాణ్ణి అడిగి లాభం లేదు, అమ్మేటోడు అన్నీ మార్చినా అనే చెప్తాడు, ఆయిల్ రంగు చూస్తే తెలిసిపోతాది.

మార్చినాక చక్రాలు కింద పెట్టి కాలనీలో రెండు రౌండ్లు వెయ్యి, వచ్చి కింద అట్ట వేసి రాత్రంతా వదులు. పొద్దున అట్ట పొడిగా ఉంటే సరే. ఒక వంద కిలోమీటర్ల పైన తిరిగినాక, అంటే చిత్తూరు దాకా ఒకసారి పోయి వచ్చినాక, క్లిప్పులు మళ్ళా ఒకసారి బిగించు, కొత్త రబ్బరు వేడికి కూర్చుంటాది కాబట్టి మొదటి బిగింపు రొంత సడలుతాది. సీసాలో పట్టిన పాత ఆయిల్ వీధి కాలవలో పొయ్యాకు, మూత బిగించి ఏదైనా షెడ్డులో ఇచ్చెయ్, వాళ్ళ కాడ పాత ఆయిల్ డ్రమ్ము ఉంటాది, కొనుక్కోని పొయ్యేవాళ్ళు వస్తారు. బండల మీద మరకకి రంపపు పొట్టు చల్లి రాత్రంతా ఉంచి ఊడ్చి, తర్వాత సర్ఫు వేసి బ్రష్షుతో రుద్దమను, నువ్వే రుద్దు, అక్కతో రుద్దించాకు, ఆమెకు మోకాళ్ళు.

శనివారం సాయంత్రం తుడిచి చూసి ఏ పైపో ఖాయం చేసుకోని ఫోన్ చెయ్. ప్రెషర్ పైపు అయితే రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన పిల్లోడు ఒకడు ఉండాడు, నేను మాట్లాడి పెడతా, సోమవారం పొద్దున బండి ఆడ వదిలేసి ఆఫీసుకి పో.

మీ మామ